ఆ ముగ్గురి పేర్లు: డాక్టర్ ఐడా స్కడ్డర్ జీవితం, మన బడిలో నన్నడిగిన ఒక ప్రశ్న

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువు అడిగాను. నిజానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. యాభై ఏళ్లకు పైగా నా వెంట తిరుగుతున్న పేరు ఒక్కటే ఉంది. గడువు అడిగింది ఆమె గురించి రాయాలంటే నా సంగతి కూడా కొంత చెప్పుకోవలసి వస్తుందని. మా ఇంట్లో వాళ్లకు కూడా పూర్తిగా చెప్పని సంగతి అది.

చిత్తూరు వాళ్లకు రాయవేలూరు పరాయి ఊరు కాదు. ముప్పై అయిదు కిలోమీటర్లు. తిరుపతిలో స్విమ్స్ రాకముందు పెద్ద జబ్బు అంటే వేలూరే. మా పల్లెల్లో ఎవరినైనా వేలూరుకు తీసుకుపోయినారు అంటే ఇక అడగడానికి ఏమీ ఉండేది కాదు, అవతలి మనిషి తల పంకించి ఊరుకునేవాడు. రాష్ట్రాలు వేరయినా ఆ ఆసుపత్రి వరండాల్లో తెలుగు వినపడని మూల లేదు. ఒకప్పుడు రాష్ట్రమే కాదు, జిల్లా కూడా వేరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరు, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే, కలెక్టరు కచ్చేరి చిత్తూరులోనే ఉండేది. 1900లో ఐడా స్కడ్డర్ వేలూరులో వైద్యం మొదలుపెట్టినప్పుడు ఆమె మన జిల్లా డాక్టరే అన్నమాట.

మా సండే స్కూలులో ఆమె కథ ఏటా చెప్పేవారు. కథ తెలియనివారి కోసం నేనూ చెబుతాను.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. తాత డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా వదిలి సింహళానికి, ఆ తర్వాత మద్రాసుకు వచ్చిన తొలితరం మిషనరీ వైద్యుడు. ఆయన కొడుకులు 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. వేలూరు, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ఇవన్నీ దాని కేంద్రాలే. మన ప్రాంతపు పాత సి.ఎస్.ఐ. చర్చీలకు చాలావాటికి మూలం ఆ మిషనే. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడు, పేరు జాన్ స్కడ్డరే, ఐడా తండ్రి. అయిదుగురు అన్నల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల.

ఆమె ఆరేడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ధాత కరువు వచ్చింది. మా అవ్వ కూడా ఎవరైనా అన్నం పారేస్తే ధాత కరువు పేరెత్తి తిట్టేది. ఆమెకూ అది విన్న మాటే, చూసింది కాదు. ఐడా చూసింది. మిషన్ బంగళా ముందు వరుసగా కూర్చున్న పిల్లల్లో కొందరికి రొట్టె ముక్క పట్టుకునే శక్తి కూడా లేకపోతే నోట్లో పెట్టవలసి వచ్చింది. ఆ తర్వాత కుటుంబం అమెరికా వెళ్లింది. కొన్నేళ్లకు తండ్రి, ఆయన వెనుక తల్లి తిరిగి ఇండియాకు వచ్చేశారు. ఐడాను అక్కడే బంధువుల ఇంట్లో వదిలి వచ్చారు. తల్లి వెళ్లిపోయిన రాత్రి ఆ పిల్ల తల్లి పడుకున్న దిండును పట్టుకుని ఏడ్చిందట.

ఈ రెండు సంగతులూ గుర్తుంచుకుంటే తర్వాతిది అర్థమవుతుంది. ఇండియా అంటే ఆమెకు ఆకలి, ఎండ, అమ్మను లాక్కుపోయిన దేశం. నార్త్‌ఫీల్డులో మూడీ గారు పెట్టిన బడిలో చదువుకుంటున్నప్పుడు స్నేహితురాళ్లు నువ్వూ మీవాళ్లలాగా మిషనరీవే అవుతావు కదా అని ఆటపట్టిస్తే మండిపడేది. విశ్వాసం లేక కాదు. చర్చికి పోయేది, ప్రార్థన చేసేది. ఆ విశ్వాసం తాతల ఆస్తిలాంటిది. ఇంట్లో ఉంటుంది, ఎవరూ అమ్ముకోరు, ఎవరూ దానిమీద బతకరు కూడా. నేను ఇంత నమ్మకంగా చెబుతున్నానంటే నాదీ అలాంటిదే కాబట్టి.

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురు వస్తే, ఆమెను చూసుకోవడానికి తిండివనం వచ్చింది. కొన్నాళ్లుండి పోవాలని. అక్కడ ఒక రాత్రి మూడుసార్లు తలుపు చప్పుడయింది. మొదట వచ్చినవాడు ఒక బ్రాహ్మణ యువకుడు. చిన్న వయసు భార్య, తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. అమ్మగారు రావాలి అన్నాడు. నాకేమీ తెలియదు, మా నాన్న డాక్టరు, ఆయన్ను తీసుకుపొమ్మని ఐడా చెప్పింది. పరాయి మగవాడు తన భార్యను చూడడం జరగదని అతను వెళ్లిపోయాడు. తర్వాత ఒక ముస్లిం. అదే అవసరం, అదే జవాబు. తర్వాత మరొక పెద్ద కులపు హిందువు. అతనూ అలాగే వచ్చాడు, అలాగే పోయాడు. తెల్లవారాక ఊళ్లో చావు డప్పులు వినిపించాయి. పనివాడిని పంపి కనుక్కుంటే ముగ్గురు స్త్రీలూ చనిపోయారని తెలిసింది. ఐడా గది తలుపు వేసుకుని చాలాసేపు ఒంటరిగా ఉండి, బయటికి వచ్చి, తాను డాక్టరు చదువు చదువుతానని తల్లిదండ్రులకు చెప్పింది.

సండే స్కూలులో కథ ఇక్కడితో ఆగేది. దేవుడు మూడుసార్లు సమూయేలును పిలిచినట్టు ఐడాను పిలిచాడని చెప్పి, పాట పాడించి, ఇళ్లకు పంపేవారు.

1966లో నేను మన బడిలో పదో తరగతి. హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆ ఏడు వక్తృత్వ పోటీకి విషయం, సేవామూర్తులు. నేను ఐడా కథ బట్టీపట్టి చెప్పాను. బాగా చెప్పాననే అనుకుంటున్నాను, ఎందుకంటే చప్పట్లు గట్టిగా పడ్డాయి. న్యాయనిర్ణేతల్లో మా సైన్సు అయ్యవారు ఉన్నారు. ఆ కాలపు విద్యార్థులకు పేరు చెప్పకుండానే తెలుస్తుంది: తెల్ల చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క, దేవుడి పటం లేని ఇల్లు. పోటీలో పాల్గొన్నవాళ్లను ఒక్కో ప్రశ్న అడగాలని నియమం. నన్ను ఆయన రెండు అడిగారు. చనిపోయిన ఆ ముగ్గురు ఆడవాళ్ల పేర్లేమిటన్నది మొదటిది. తెలియదన్నాను. ఒక అమ్మాయిని డాక్టరును చేయడానికి ముగ్గురు అమ్మాయిలను చంపిన దేవుడు, ఆమెకు ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది కాదా అన్నది రెండోది.

హాలులో నవ్వులు. నేను నవ్వలేదు. నిలబడే ఉన్నాను, కాళ్లు ఆడలేదు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. దానికి ముందటి ఏడాది వానాకాలంలో మా అక్క తొలి కాన్పుకు గుడిపాల దగ్గర మా పల్లెకు వచ్చింది. రెండు రోజులు నొప్పులు పడింది. మంత్రసాని ఇంకాసేపు ఇంకాసేపు అంటూ వచ్చింది. మా నాయన సంఘ పెద్ద. నలుగురిని పిలిచి మోకాళ్లమీద ప్రార్థన పెట్టించాడు. ఆ రెండు రాత్రులూ మా ఇంట్లో పాటలు ఆగలేదు. మూడోనాటి తెల్లవారుజామున బండి కట్టారు, వేలూరుకు పోదామని. బండి తారురోడ్డు ఎక్కకముందే అక్క పోయింది. బిడ్డా దక్కలేదు. దేవుని చిత్తం అన్నారు అందరూ. నేను కూడా అన్నాను.

అయ్యవారి ప్రశ్న ఆ మాటను నా నోట్లోంచి తీసేసింది. ఆ వారం నేను చర్చికి పోలేదు. పోయి ఒక పెద్దమనిషిని అడిగితే, ఇలాంటి ప్రశ్నలు సాతాను పుట్టిస్తాడని కసిరారు. అది ఆయన తప్పని ఇప్పుడు అనను. మనకు జవాబు తెలియనప్పుడు ప్రశ్నమీద కోపం రావడం మామూలే.

పది రోజుల తర్వాత అయ్యవారే హాస్టలుకు వచ్చారు. మా అక్క సంగతి ఎవరో చెప్పినట్టుంది. నలుగురిలో అడిగినందుకు తప్పయిందన్నారు. ప్రశ్నను మాత్రం వెనక్కు తీసుకోలేదు. చేతిలో ఒక ఇంగ్లీషు పుస్తకం పెట్టారు. డొరొతి క్లార్క్ విల్సన్ రాసిన ఐడా జీవితచరిత్ర, 1959లో అచ్చయింది. గ్రంథాలయంలో తన పేరున తీసుకున్నారు. కథ తిండివనంలో ఆగిపోదురా, మిగతాది చదువు, చదివాక నీ దేవుణ్ణి నమ్మాలో వద్దో నువ్వే చూసుకో అన్నట్టు చెప్పి వెళ్లిపోయారు. దేవుణ్ణి నమ్మని మనిషి ఒక క్రైస్తవ పిల్లవాడికి మిషనరీ జీవితచరిత్ర తెచ్చివ్వడం మన బడిలో జరిగింది కాబట్టి ఈ సంచికలో రాయడం సబబే.

నా ఇంగ్లీషు ఆ పుస్తకానికి చాలదు. శంకరనారాయణ నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు. చదివే కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, సండే స్కూలు కథ ఆగిన చోటనే అసలు కష్టాలు మొదలవుతాయని. పిలుపు విన్నాక అన్నీ సవ్యంగా జరిగిపోయినట్టు మేము అనుకున్నాం. అలా జరగలేదు.

ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. కార్నెల్ వైద్య కళాశాల 1898లో స్త్రీలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా తీసుకుంది. వేలూరులో ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టడానికి డబ్బు పోగుచేసుకుని రమ్మని మిషన్ వాళ్లు చెబితే, షెల్ అనే న్యూయార్క్ బ్యాంకు యజమాని చనిపోయిన తన భార్య పేరున పదివేల డాలర్లు ఇచ్చాడు. స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్‌ను వెంటబెట్టుకుని 1900 మొదట్లో వేలూరు చేరింది. తండ్రి దగ్గర కొన్నేళ్లు పని నేర్చుకోవచ్చని ఆమె ధైర్యం. ఆ మే నెలలోనే తండ్రి క్యాన్సరుతో చనిపోయాడు.

ఇక్కడ నేను పుస్తకం మూసి రెండు రోజులు తెరవలేదు. పిలిచినవాడు, పిలిచిన చోటికి రాగానే, చేయి పట్టుకుని నడిపించే ఒక్క మనిషినీ తీసుకుపోయాడు. దీన్ని ఏమనాలి? అయ్యవారి ప్రశ్న కంటే ఇది తక్కువదా?

ఆమె ఏమన్నదో కంటే ఏం చేసిందో రాస్తాను. బంగళాలో ఒక గదిలోనే రోగులను చూడడం మొదలుపెట్టింది. ఒక్క మంచం. తెల్లదొరసాని, పెళ్లికాని పిల్ల, చేతిలో కత్తి. ఎవరు నమ్ముతారు? మొదట్లో ఎవరూ నమ్మలేదు. నర్సులు లేరు. ఇంటి పనివాళ్లలో సలోమి అనే ఆమెకు కట్లు కట్టడం, మందు ఇవ్వడం నేర్పి పక్కన నిలబెట్టుకుంది. రెండేళ్లలో ఆ గది దగ్గరికి అయిదువేల మంది వచ్చారు. 1902లో నలభై పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు అది కంటి ఆసుపత్రి. మన ఊరివాళ్లలో కంటి ఆపరేషను అక్కడ చేయించుకున్నవారు చాలామందే ఉంటారు. ఆ గోడమీది పేరు ఎవరిదో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఆసుపత్రికి రాలేని వాళ్ల దగ్గరికి ఆమే పోయింది. వారానికొకసారి గుడియాత్తం రోడ్డు వెంబడి చెట్లకింద ఆగి ఆగి చూసేది. 1909లో ఒక చిన్న ఫ్రెంచి మోటారుకారు వచ్చింది. దాన్ని చూసి మొదట జనం పొలాల్లోకి పరుగెత్తారట. గుడియాత్తం మన పలమనేరు కొండలకు కింద ఊరే, సంతకు అటూ ఇటూ పోయే దారి. ఆ చెట్లకింద నిలబడ్డవాళ్లలో తెలుగు వాళ్లు లేకుండా ఉండరని నా లెక్క.

ఆ ఏడే నర్సుల బడి పెట్టింది. కానీ ఆమెకు అసలు లెక్క తెలిసిపోయింది. ఒక్క మనిషి ఎన్ని తలుపులకు జవాబు చెప్పగలదు? ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు కావాలి. ఆ మాట చెబితే మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖ పెద్ద నవ్వాడు. ముగ్గురు దరఖాస్తు పెడితే గొప్ప అన్నాడట. 1918లో మహిళా వైద్య పాఠశాల తెరిస్తే 151 మంది దరఖాస్తు పెట్టారు. ఏడాది తిరిగాక ప్రభుత్వ పరీక్షలో మగపిల్లల బడుల్లో చాలామంది తప్పితే వేలూరు పిల్లలందరూ పాసయ్యారు. పదో తరగతిలో ఈ పేజీ చదివి నేను హాస్టల్లో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. మా అక్క నాకంటే బాగా చదివేది. అయిదో తరగతితో మాన్పించారు.

ఆసక్తిగల ఒక సంగతి. ఐడా వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన 1900లోనే, తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువు ముగించుకుని సర్వేపల్లి రాధాకృష్ణన్ అనే పన్నెండేళ్ల పిల్లవాడు వేలూరు ఊరీస్ కాలేజీలో చేరడానికి వచ్చాడు. మిషన్ బడుల్లో, కళాశాలల్లో హిందూమతం మీద విన్న విమర్శలే తనను ఆ మతాన్ని లోతుగా చదివేలా చేశాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఒకే ఊరు, ఒకే మిషన్. ఒకరిని ప్రశ్న వేదాంతం వైపు నడిపిస్తే, ఇంకొకరిని ప్రసూతి గదికి నడిపించింది. మా అయ్యవారికి ఈ సంగతి చెబితే ఆయన చాలా సంతోషించి, తనను మాత్రం ప్రశ్న ఎక్కడికీ నడిపించకుండా అక్కడే కూర్చోబెట్టిందన్నారు.

ఇక పెద్ద సవాలు. ఇది సండే స్కూలులో ఎన్నడూ చెప్పనిది, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది. ఎల్.ఎం.పి. అనే చిన్న వైద్య చదువును ఎత్తేస్తామన్నారు. ఇక డాక్టరంటే విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. చదవాల్సిందే. వేలూరు బడి ఎల్.ఎం.పి. బడే. కళాశాల స్థాయికి పెంచాలంటే కొత్త భవనాలు, పెద్ద చదువుల ఆచార్యులు, వందలకొద్దీ పడకలు కావాలి. లేదంటే మూసుకోవాలి. ఐడాకు అప్పటికి అరవై ఏడేళ్లు. ఎవరైనా అయితే కొత్త ప్రభుత్వం మిషన్లను తరిమేయాలని చూస్తోందని గోల చేసేవారు. నా మట్టుకు నాకు ఆ ఉత్తర్వు తప్పనిపించదు. పేదలకు సగం డాక్టరు, ఉన్నవాళ్లకు పూర్తి డాక్టరు అనే పద్ధతి ఎన్నాళ్లని? ఐడా కూడా తాను కట్టినది చాలదన్న మాటను ఒప్పుకుంది. డెబ్బై ఏళ్ల వయసులో, యుద్ధం రోజుల్లో, 1941లో ఓడెక్కి అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి డబ్బడిగింది.

డబ్బుకంటే పెద్ద చిక్కు వేరే వచ్చింది. అంత పెద్ద కళాశాల నడవాలంటే అన్ని మిషన్లూ కలవాలి, అవి కలవాలంటే మగపిల్లలను కూడా చేర్చుకోవాలి. అమెరికాలో ముప్పై నలభై ఏళ్లుగా ఆమె వెనుక నిలబడి డబ్బు కూడగట్టిన స్త్రీలు ఒప్పుకోలేదు. వాళ్ల పెద్ద లూసీ పీబాడీ. తూర్పు దేశాల్లో ఆడవాళ్ల కళాశాలల కోసం జీవితం ధారపోసిన మనిషి. ఇది ఆడవాళ్ల సొమ్ము, ఆడవాళ్ల కోసం ఇచ్చిన సొమ్ము, మగవాళ్లకు తలుపు తెరిస్తే ఇచ్చిన మాట తప్పినట్టే అన్నది ఆమె వాదం. ఆ వాదంలో న్యాయం ఉంది. తిండివనం రాత్రిని తలచుకుంటే ఇంకా ఉంది. మగ డాక్టరు పనికిరాడు కనుకనే కదా ఆ ముగ్గురూ పోయారు. ఐడా ఎటూ తేల్చుకోలేక నలిగిపోయింది. కొన్నాళ్లు ఇటు, కొన్నాళ్లు అటు. చివరకు కళాశాల బతకడమే ముఖ్యమని, అందరికీ తెరవడానికి ఒప్పుకుంది. పాత స్నేహం తెగిపోయింది.

ఆమె ఏ పిలుపును నమ్ముకుని నలభై ఏళ్లు పనిచేసిందో, ఆ పిలుపు అర్థాన్నే మార్చుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో మారడం ఒక ఎత్తు. డెబ్బైలో, నలుగురూ ద్రోహి అంటుండగా మారడం ఇంకో ఎత్తు. విశ్వాసం గట్టిపడడం అంటే మనిషి రాయిలా గట్టిపడడం అని నేను అనుకునేవాణ్ణి. ఈ అధ్యాయం చదివాక ఆ మాట మానుకున్నాను.

1942లో కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.బి.బి.ఎస్. గుర్తింపు వచ్చింది. 1946లో దేశంలోనే తొలి నర్సింగు డిగ్రీ చదువుల్లో ఒకటి అక్కడ మొదలైంది. ఆ ఏడే ఐడా బాధ్యతలు వదిలింది. 1947లో మగపిల్లలు చేరారు. ఆ తర్వాత ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయినది ఎవరనుకున్నారు? విశాఖపట్నంలో పుట్టిన మన తెలుగు ఆడపడుచు, డాక్టర్ హిల్డా లాజరస్. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు తెలియదు. ఐడా కొడైకెనాల్లో స్థిరపడి, 1960 మే నెలలో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మా నాయన ఆ రోజు వార్త విని అన్నం తినలేదని అమ్మ చెప్పేది. అంత అభిమానించినవాడు, అయిదేళ్ల తర్వాత రెండు రాత్రులు బండి కట్టలేదు.

ఈ మాట రాయడానికే రెండు రోజులు గడువు అడిగింది.

పుస్తకం పూర్తిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. అయ్యవారి రెండో ప్రశ్నకు జవాబు అందులో ఎక్కడా లేదు. ఐడా తన జీవితాంతం ఆ రాత్రిని దేవుని పిలుపుగానే చెప్పుకుంది. కానీ దేవుడే వాళ్లను చంపాడని నేను ఇక అనుకోలేకపోయాను. ఆలోచిస్తే, ఆ రాత్రి తిండివనంలో కొత్తగా జరిగినదేమీ లేదు. అంతకుముందు రాత్రి కూడా ఏదో ఇంట్లో ఎవరో పోయే ఉంటారు, మరుసటి రాత్రి కూడా. ఆ డప్పులు ఎప్పుడూ మోగుతూనే ఉన్నాయి. ఆమె లేచి పనివాణ్ణి పంపి కనుక్కోవడం ఒక్కటే కొత్త. దేవుని చిత్తం అన్నమాట చావుకు అంటించడం సులభం, మా ఇంట్లో అదే చేశాం. ఆమె ఆ మాటను చావుకు కాక, తెల్లవారి తాను చేయవలసిన పనికి అంటించింది. లూకా సువార్తలో అర్ధరాత్రి స్నేహితుని తలుపు తట్టి రొట్టెలడిగిన మనిషి ఉపమానం ఉంది. మేము ఎప్పుడూ తట్టేవాళ్లమని అనుకునే ప్రార్థించాం. లోపల పడుకున్నవాళ్లం మేమే కావచ్చునని నాకు అప్పటిదాకా తోచలేదు.

అయ్యవారికి ఇదంతా చెప్పాను. చివరిదాకా విన్నారు. ఇది జవాబు కాదన్నారు. కాదని నాకూ తెలుసు. నేను మళ్లీ చర్చికి పోవడం మొదలుపెట్టాను. మా నాయన ప్రార్థనకు కూర్చుంటే పక్కన కూర్చునేవాణ్ణి. కానీ పల్లెలో ఎవరికి నొప్పులు మొదలైనా ముందు బండి సిద్ధంగా ఉందా అని చూసి వచ్చేవాణ్ణి. కొన్నాళ్లకు నాయనే ఆ పని చేయడం మొదలుపెట్టాడు. అక్క ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా చెల్లెలి కాన్పుకు ఎనిమిదో నెలలోనే వేలూరులో గది బాడుగకు తీసుకుని, ఆయనే వెళ్లి అక్కడ కూర్చున్నాడు. ఇప్పుడు ఆ బిడ్డకే మనవళ్లున్నారు.

1989లో అయ్యవారికి గుండెజబ్బు వస్తే వేలూరుకు తీసుకుపోయింది నేనే. కాట్పాడిలో రైలు దిగి, ఓ.పి. వరుసలో పొద్దున్నుంచీ కూర్చున్నాం. పక్కన మదనపల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె, అటు పక్క బెంగాలీలు. ఆయన గోడమీది ఐడా ఫొటోను చాలాసేపు చూసి, ఆ మూడు పేర్లూ దొరికాయా అని అడిగారు. దొరకలేదన్నాను. పుస్తకం ఏమైందని అడిగారు. అప్పటికి ఇరవై మూడేళ్లయింది, అది నా దగ్గరే ఉంది. గ్రంథాలయానికి జరిమానా ఆయనే కట్టారని, పుస్తకం పోయిందని రాసి దాని వెల కూడా కట్టారని ఆ రోజు తెలిసింది. ఆయన మరో ఆరేళ్లు బతికారు.

పుస్తకానికి అట్ట కొత్తగా వేయించాను. నాలుగైదు పేజీల అంచుల్లో నా పెన్సిలు రాతలున్నాయి, చెరపలేదు. ముందు ఖాళీ పేజీలో అయ్యవారి పేరు, దానికింద మా అక్క పేరు రాశాను. స్వర్ణోత్సవం రోజున మన బడి గ్రంథాలయానికి తిరిగి అప్పగిస్తున్నాను. ఇంగ్లీషు కొంచెం కష్టంగానే ఉంటుంది, నిఘంటువు బీరువా కింద అరలో ఉంది.